కల్తీ కల్లు మెదడును ఏం చేస్తది? గా పరిశోధనకు మన పోరగాళ్లు కావాలె

అమీర్‌పేటల మెట్రో ఎక్కితే ఒకదిక్కు మొదటి స్టేషనే పంజాగుట్ట. ఆడ నిమ్స్ దవాఖాన. ఇంకోదిక్కు మూడో స్టేషన్ ఎర్రగడ్డ. ఆడ సర్కారు మానసిక దవాఖాన. నడుమ అమీర్‌పేట హాస్టళ్లల్ల మనోళ్లు వేల మంది జావా, పైథాన్ నేర్సుకుంట ఉంటరు. నేనూ ఆ హాస్టళ్లల్ల ఉన్నోన్నే. నేను చెప్పేది ఒక్కటే: మత్తు రోగంతోని దవాఖానలకు వచ్చేటోళ్లల్ల మన ఊరోళ్లు మస్తు మంది ఉన్నరు. గా రోగం మీద పరిశోధన చేసేటోళ్లల్ల కూడా మనోళ్లు ఉండాలె. ఆ సదువు ఎట్లుంటదో ఇప్పుడు చూద్దాం.

2025 జూలైల కూకట్‌పల్లి దిక్కు కల్తీ కల్లు తాగి పదుల మంది పడిపోయిన్రు. శానా మందిని నిమ్స్‌కే తెచ్చిన్రు. కొందరి పాణాలు పోయినయి. 2015 సెప్టెంబర్ల దీనికి ఉల్టా జరిగింది. సర్కారు కల్తీ కల్లును కట్టడి చేస్తే నిజామాబాద్, మహబూబ్‌నగర్ దిక్కు అది దొరకక జనం దవాఖానలకు ఉరికిన్రు. చేతులు వణుకుడు, నిద్ర పట్టకపోవుడు, ఫిట్స్, ఏందేందో మాట్లాడుడు. తాగితే ఒక ఆపద, ఒక్కసారి ఆపితే ఇంకో ఆపద. ఎందుకట్ల?

కల్తీ కల్లుల కలిపే వాటిల్ల ఒకటి అల్‌ప్రాజోలం. మన మెదడుల గాబా అనే రసాయనం ఉంటది. అది బండికి బ్రేకు లెక్క. అల్‌ప్రాజోలం గా బ్రేకును ఇంకా గట్టిగ ఒత్తుతది. రోజూ అట్ల ఒత్తితే మెదడు ఊకుంటదా? బ్రేకును తానే వదులు చేసుకుంటది. ఒక్కపారి కల్లు బంద్ పెడితే ఒత్తేది ఉండదు, ఉన్న బ్రేకు వదులే. బండి అదుపు తప్పుతది. గందుకే ఫిట్స్ వస్తయి. డాక్టర్లు అసొంటి మందునే లెక్క ప్రకారం ఇచ్చి మెల్లమెల్లగ తగ్గిస్తరు. "మనసు గట్టిగుంటే మానేస్తడు" అనే మాట ఈడ సగమే నిజం.

మరి తాగాలె అనే గుంజుడు ఏడికెళ్లి వస్తది? 1954ల కెనడాల ఓల్డ్స్, మిల్నర్ అనే ఇద్దరు ఎలుకల మెదడుల సన్నటి తీగ పెట్టిన్రు. మీట నొక్కితే కొంచెం కరెంటు పోతది. ఎలుకలు మళ్లమళ్ల మీట నొక్కుకుంటనే ఉన్నయి. తర్వాత వోల్‌ఫ్రమ్ షుల్ట్జ్ అనే ఆయన కోతులకు పండ్ల రసం పోసి డోపమైన్ కణాలను చూసిండు. అనుకున్నదానికన్నా ఎక్కువ దొరికితే గా కణాలు జోరుగ కొట్టుకుంటయి. అనుకున్నంతే దొరికితే మామూలుగనే ఉంటయి. దొరకకపోతే తగ్గుతయి. 1997ల గీ లెక్కను సూత్రంగ రాసి అచ్చేసిన్రు. అమీర్‌పేటల మెషీన్ లెర్నింగ్ కోర్సుల రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ అని చెప్పేది కూడా ఇసొంటి లెక్కనే. ఐఐటీ మద్రాసుల మన తెలుగాయన వి. శ్రీనివాస చక్రవర్తి గీ డోపమైన్ దారులను కంప్యూటర్ల లెక్కలు కట్టి పరిశోధన చేస్తరు, తెలుగుల సైన్స్ కూడా రాస్తరు. అంటే పైథాన్ వచ్చినోనికి గీ రంగంల కూడా పని ఉన్నది.

ఇగ శిక్షణ సంగతి. ఇది నలభై అయిదు రోజుల కోర్సు కాదు, పీహెచ్‌డీ అంటే అయిదారేండ్ల పని. మొదలు పాత పరిశోధనలు సదువుతరు, "గీ మాట నిజమని ఎట్ల తేల్చిన్రు?" అని అడుగుడు నేర్సుకుంటరు. ఎలుకల మీద పని చెయ్యాలంటే నైతిక కమిటీ అనుమతి ఉండాలె. ఎలుకను ముందుగాల్ల చేతికి అలవాటు చెయ్యాలె. బెదిరిన ఎలుక ఇచ్చే లెక్క మందుదా, భయానిదా తెల్వదు. ఏ ఎలుకకు మందు ఇచ్చిన్రో, దేనికి ఉత్త నీళ్లు ఇచ్చిన్రో లెక్క రాసేటోనికి చెప్పరు. చెప్తే వాని కన్ను ఆశపడ్డదే చూస్తది.

మనుషుల మీద పరిశోధన ఇంకా నాజూకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రశ్నల పట్టికల "ఎన్ని డ్రింకులు తాగుతవు?" అని ఉంటది. అండ్ల ఒక డ్రింకు అంటే పది గ్రాముల ఆల్కహాల్. కల్లు దుకాణంల కూసున్న పెద్దమనిషి సీసల లెక్క చెప్తడు. ఆ సీసల ఆల్కహాల్ ఎంతనో, అల్‌ప్రాజోలం ఎంతనో ఆయనకెట్ల ఎరుక? సీసను ల్యాబుల పరీక్ష చెయ్యాలె, ఆయనకు అర్థమయ్యేటట్టు ఆయన భాషల అడగాలె, ఒప్పుకోకుంటే వదిలెయ్యాలె. ఊరి పోరడు, ఊరి పోరి అయితే గీ సంగతి మొదటి రోజే పసిగడ్తరు. గందుకే మనోళ్లు కావాలె అంటున్న.

దారి ఏంది? డిగ్రీల జీవశాస్త్రం, సైకాలజీ, ఫార్మసీ, కంప్యూటర్లు, ఏదైనా పనికొస్తది. గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీల న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ సెంటర్ ఉన్నది. బెంగళూరు నిమ్‌హాన్స్‌ల మెదడు పరిశోధనా ఉన్నది, మత్తు వైద్యానికి ప్రత్యేక కేంద్రమూ ఉన్నది. సీఎస్‌ఐఆర్–యూజీసీ నెట్‌ల జేఆర్‌ఎఫ్ కొడితే మొదటి రెండేండ్లు నెలకు 37 వేలు, తర్వాత 42 వేలు. ఫెలోషిప్ పైసలు ఆలస్యమైతయని రీసెర్చ్ పిల్లలు మొత్తుకుంటరు, అది కూడా తెలిసే రావాలె. ఇంట్ల పెద్దోళ్లకు "ఇంకా సదువుడేనా?" అనిపిస్తది. సదువుతనే జీతం లెక్క వస్తదని వాళ్లకు ఇడమర్చి చెప్పుండ్రి.

ఇంట్ల ఎవరన్న కల్తీ కల్లుకు బానిసైతే ఒక్కసారి బంద్ చేపియ్యకుండ్రి, డాక్టర్ దగ్గరికి తోల్కపోండ్రి. 14446కు గానీ, టెలీ మానస్ 14416కు గానీ ఫోన్ చేస్తే పైసలు పడవు. బయాలజీ సదివే తమ్ముండ్లు, చెల్లెండ్లు మాత్రం హాస్టల్ల ఇంకో కోర్సుకు ఫీజు కట్టే ముందు ఒక్కపారి నెట్ సిలబస్ తీసి చూడుండ్రి.