మీకు తెలుసా? వాకిట్లో మెక్సికో... అడవిలో థాయ్‌లాండ్!

దసరాకి గుమ్మానికి బంతిపూల దండ కట్టారు కదా! ఆ బంతి పుట్టిల్లు ఎక్కడో తెలుసా? మెక్సికో! అక్కడి పాత నహువాట్ల్ భాషలో దాని పేరుకు అర్థం ‘20 పూల పువ్వు’! నవంబరు మొదట్లో వాళ్లకు పోయిన పెద్దల పండుగ వస్తుంది. అప్పుడు సమాధుల దగ్గర్నుంచి ఇంటి గుమ్మం దాకా బంతి రేకులు చల్లుతారు. ఆ వాసన పట్టుకుని పెద్దలు ఇల్లు చేరతారట! మనం లక్ష్మీదేవిని పిలిచే పువ్వుతోనే వాళ్లు తాతయ్యను పిలుస్తున్నారు!

ఆ బంతి చేనుకు కాపలా కూడా కాస్తుంది! టమాటా తోటలో 16 సాళ్లకు ఒక సాలు బంతి వేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. కాయతొలిచే పురుగు టమాటా కంటే ఎక్కువగా బంతి మీదే గుడ్లు పెడుతుంది! ఖమ్మం వైపు చేల గట్ల మీద పసుపుపచ్చ వరస కనబడితే ఉత్త అందమే అనుకోకండి!

తంగేడుకు ఎవరైనా నీళ్లు పోస్తారా? కంచె కడతారా? అయినా 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పమై కూర్చుంది! తంగేడు లేని బతుకమ్మను మన ఆడబిడ్డలు ఊహించుకోలేరు. ఆ చెట్టు పట్టతోనే వెనకటి నుంచి తోళ్లు పదును చేసేవారు! నెత్తిన బతుకమ్మలోనూ తంగేడే, కాలి చెప్పులోనూ తంగేడే!

పెరట్లో ఎర్రగా, మెత్తగా, మఖమల్ గుడ్డలా మెరిసే సీతమ్మజడ ఉందా? చేలో దొరికే గునుగుకు అది సొంత చెల్లెలు! ఇద్దరూ ఎండినా రంగు వదలరు! భద్రాచలం నుంచి సుమారు 35 కిలోమీటర్లు పోతే పర్ణశాల. సీతమ్మ కాపురమున్న చోటని అందరం మొక్కుతాం. ఆమె జడ మాత్రం మన పెరట్లోనే పూస్తోంది!

కాగితం పూల తీగను ఈసారి దగ్గరికి వెళ్లి చూడండి. మీరు పువ్వనుకునే గులాబీ రంగు రేకులు అసలు రేకులే కావు. రంగు మారిన ఆకులు! లోపల తెల్లగా, సన్నగా, గొట్టాల్లా 3 కనబడతాయి. అసలు పూలు అవే! ఇన్నేళ్లుగా మనల్ని ఆకులే మురిపించాయి!

ఆ తీగ పేరు వెనక ఇంకో వింత! 1766లో మొదలైన ఓ ఫ్రెంచి ఓడయాత్రకు నాయకుడు బూగెన్‌విల్. మొక్కకు ఆయన పేరే పెట్టారు. ఆ యాత్రలో మొక్కలు ఏరిన శాస్త్రవేత్త దగ్గర ఓ ‘కుర్రాడు’ పనిచేసేవాడు. చివరికి తెలిసింది, ఆ కుర్రాడు ఆడపిల్లని! పేరు జాన్ బారే. ఓడల్లోకి ఆడవాళ్లను రానివ్వని కాలం అది. మగవేషం వేసి, మొక్కల మోపులు మోసి, ప్రపంచం చుట్టివచ్చిన మొదటి మహిళ అయింది! నన్నడిగితే ఆ తీగకు ఆమె పేరే పెట్టాల్సింది!

చంద్రకాంతకు గడియారం తెలుసు! సాయంత్రం 4 గంటలు దాటితే రేకులు విప్పుతుంది. ఇంగ్లీషులో దాని పేరే ‘నాలుగు గంటల పువ్వు’! ఒకే కొమ్మకు పసుపు, గులాబీ, చారలవి కూడా పూస్తాయి!

గన్నేరు కథ వింటే ఒళ్లు జలదరిస్తుంది. 1945లో హిరోషిమా మీద అణుబాంబు పడింది. ఊరంతా బూడిద. ఆ బూడిదలోంచి ముందుగా పూసిన పూలలో గన్నేరు ఒకటి! ఇవాళ ఆ నగరం అధికారిక పువ్వు గన్నేరే! మనకు శివపూజ పువ్వు, వాళ్లకు మళ్లీ బతికిన గుర్తు! ఒక్క మాట మరిచిపోకండి. గన్నేరులో ఆకు, పువ్వు, వేరు అన్నీ విషమే. పిల్లల నోటికి, పశువుల మూతికి అందనీయకండి!

పేరు కలిసినా బిళ్ళగన్నేరు వేరే జాతి. అది మడగాస్కర్ ఆడపడుచు! దాని ఆకుల్లోంచి తీసిన విన్‌క్రిస్టిన్ మందుకు 1963లో అమెరికాలో అనుమతి వచ్చింది. రక్తక్యాన్సర్ వచ్చిన పసిపిల్లలకు ఇప్పటికీ ఇస్తున్నారు! ఆ మందు ఆసుపత్రిలో వైద్యులు ఎక్కించాల్సిందే. పెరటి ఆకు నమలడం మాత్రం ప్రమాదం!

ఇక అడవిలోకి రండి!

రేలా రేలా అని కోయవాళ్ల పాట విన్నారా? ఎండాకాలం బంగారు గుత్తులు వేలాడదీసే చెట్టు రేల. 2001లో థాయ్‌లాండ్ దాన్ని జాతీయ పుష్పం చేసుకుంది! కేరళవాళ్లు విషు పండుగ నాడు కళ్లు తెరవగానే చూసేదీ ఆ పూలనే! మన చర్ల, దుమ్ముగూడెం దారుల్లో అవి రోడ్డు మీదే రాలి ఉంటాయి!

వానలు పడగానే కంచెల మీద మంటలా లేచే అడవినాభిని చూశారా? దక్షిణ రొడీషియా (ఇప్పటి జింబాబ్వే) బడిపిల్లలు ఆ పువ్వు ఆకారంలో వజ్రాల పిన్ను చేయించారు. బ్రిటన్ రాకుమారి ఎలిజబెత్ 21వ పుట్టినరోజుకు కానుక ఇచ్చారు! తమిళనాడుకు అది రాష్ట్ర పుష్పం. దుంప మాత్రం కటిక విషం, తాకకండి!

ఇప్పపువ్వు కోసం చెట్టెక్కే పనే లేదు! రాత్రి పూస్తుంది, తెల్లవారుజామున దానంతటదే టపటపా రాలుతుంది. ఎండబెట్టిన పువ్వులో 50 శాతానికి పైగా చక్కెరలే! అందుకే తట్ట పట్టుకుని వెళ్లే అమ్మలకంటే ముందే ఎలుగుబంటి వచ్చి తిని పోతుంది!

మోదుగను దాచి దాచి చివరకు తెచ్చాను. దాని ఆకు మన విస్తరి. దాని పువ్వుకు వాసన లేదు. కానీ ఓ యుద్ధానికే పేరిచ్చింది! 1757లో జరిగిన ప్లాసీ యుద్ధం గుర్తుందా? ఆ ఊరిపేరు పలాశి. పలాశమంటే మోదుగే!

ఇంకో ముచ్చట. హోలీ పున్నమి నాడు మోదుగ రంగు చల్లుకుంటాం కదా. భద్రాద్రి రామయ్య కల్యాణానికి తలంబ్రాలు కలపడం మొదలుపెట్టేదీ ఆ పున్నమి నాడే! శ్రీరామనవమికి ఇంకా సుమారు 24 రోజులు ఉండగానే! గులాలు కలిసి అవి ఎర్రబడతాయి. ఊరంతా రంగు, గుడిలోనూ రంగు!

ఈసారి ఫాల్గుణంలో పాల్వంచ దాటి అడవి దారిన వెళ్తే చెట్టు కొమ్మ విరవకండి. కింద రాలిన మోదుగ పూలు దోసెడు ఏరుకోండి. నీళ్లలో మరిగించి, మూతపెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే మూత తీసి ఆ రంగు పిల్లలకు చూపించండి!