ఒక్కసారే పేలే మంత్రం

హైదరాబాద్‌లోని మూసారాంబాగ్‌కు పేరిచ్చినవాడు ఒక ఫిరంగుల మనిషి. 1775లో ఫ్రాన్స్ నుంచి పాండిచ్చేరికి వచ్చి, ఆ తర్వాత నిజాం అలీఖాన్ కొలువులో చేరిన మిషెల్ జోకిమ్ రేమాండ్‌ను ఇక్కడి హిందువులు మూసారామ్ అని, ముస్లింలు మూసా రహీమ్ అని పిలుచుకున్నారు. ఆయన నిజాం కోసం సుమారు 14,000 మందితో సైన్యం తయారుచేశాడు. ఇప్పటి గన్‌ఫౌండ్రీలో తోపులు పోత పోయించాడు. 1798 మార్చి 25న చనిపోతే, నగరానికి తూర్పున గుట్టమీద సమాధి కట్టారు.

ఒక ఆట నియమం కథ చెబుతూ ఆయన్ని తలచుకోవడానికి కారణం ఉంది. మంత్రం ప్రయోగించిన మరుక్షణం మాంత్రికుడు దాన్ని మరిచిపోవాలి. 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటలో యాభై ఏళ్ల కింద పుట్టిన నియమం ఇది. దాని పుట్టుకలో ఫిరంగి ఉంది.

యుద్ధాన్ని బల్లమీద ఆడించడం సైనికుల దగ్గర మొదలైన పని. 1824లో ప్రష్యా సైన్యాధికారి రైస్‌విట్జ్, తన తండ్రి మొదలుపెట్టిన ఆటకు మెరుగులు దిద్ది 'క్రీగ్‌స్పీల్' తెచ్చాడు. పటం మీద దళాలు కదులుతాయి, గుండు తగిలిందో లేదో పాచిక చెబుతుంది, ఇరుపక్షాలకూ మధ్య ఒక తీర్పరి కూర్చుంటాడు. ఆ ఆట అధికారుల శిక్షణకు పనికొచ్చింది. తర్వాత మెల్లగా పౌరుల ఇళ్లలోకీ బొమ్మల సైన్యాలు వచ్చాయి.

1971లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ కలిసి మధ్యయుగపు యుద్ధాలకు 'చైన్‌మెయిల్' అనే నియమాల పుస్తకం రాశారు. దాని చివర డ్రాగన్లకు, మాంత్రికులకు కొన్ని పేజీలు ఇచ్చారు. మాంత్రికుడి బలాన్ని దేనితో కొలవాలి? వాళ్ల దగ్గర అప్పటికే ఉన్న కొలత తోపులు, రాళ్లు విసిరే యంత్రాలు. మాంత్రికుడి అగ్నిగోళం పెద్ద రాతియంత్రం దెబ్బతో సమానం, పిడుగు పెద్ద ఫిరంగి దెబ్బతో సమానం అని రాసుకున్నారు. అంటే ఆటలోకి అడుగుపెట్టినప్పుడు మాంత్రికుడు గడ్డం పెంచిన ఫిరంగి.

మిన్నెసోటాలో డేవ్ ఆర్నెసన్ ఈ ఆటను సైన్యాల నుంచి మనుషుల దగ్గరికి దించాడు. ఒక్కో ఆటగాడికి ఒక్కో మనిషి. ఆ మనుషులంతా కలిసి నేలమాళిగలోకి దిగుతారు. గైగాక్స్, ఆర్నెసన్ పేర్లతో 1974 జనవరిలో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' వచ్చింది. పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు, ధర 10 డాలర్లు, మొదటి ముద్రణ 1,000 ప్రతులు.

చిక్కు ఇక్కడే వచ్చింది. వందమంది సిపాయిలున్న మైదానంలో ఒక ఫిరంగి ఉంటే ఆట నడుస్తుంది. ఐదుగురు స్నేహితులు నడిచే ఇరుకు సొరంగంలో ఒకడి చేతిలో ఆగకుండా పేలే ఫిరంగి ఉంటే మిగతా నలుగురికీ పని ఉండదు. హద్దు పెట్టాలి. ఆ హద్దుకు కథలో ఒప్పే కారణమూ కావాలి. గైగాక్స్‌కు అది జాక్ వాన్స్ కథల్లో దొరికింది.

వాన్స్ రెండో ప్రపంచయుద్ధ కాలంలో సరుకు ఓడల మీద పనిచేస్తూ రాసుకున్న కథలు 1950లో 'ది డయింగ్ ఎర్త్' పుస్తకంగా వచ్చాయి. సూర్యుడు ఆరిపోయే రోజులు దగ్గరపడ్డాయి, ఒకప్పటి వేల మంత్రాల్లో నూరు పైచిలుకు మిగిలాయి. మజీరియన్ అనే మాంత్రికుడు ఎంత సాధన చేసినా పెద్ద మంత్రాలు 4, లేదా చిన్నవి 6 మాత్రమే ఒకసారి మనసులో నిలుపుకోగలడు. పలికితే అది చెరిగిపోతుంది. మళ్లీ పుస్తకం తెరవాల్సిందే. ఈ రుణాన్ని గైగాక్స్ 1976 ఏప్రిల్‌లో రాసిన వ్యాసంలో దాచకుండా చెప్పాడు. వాన్స్ ఇంటిపేరులోని అక్షరాలు తారుమారు చేస్తే వచ్చిన 'వెక్నా' ఆ ఆటలో పేరుమోసిన దుష్టమాంత్రికుడయ్యాడు.

తెలుగువాళ్లకు ఈ నియమం కొత్తగా తోచదు. కవచకుండలాలు ఇచ్చి కర్ణుడు ఇంద్రుడి దగ్గర తెచ్చుకున్న శక్తి ఒక్కసారికే పనిచేస్తుంది. అర్జునుడి కోసం దాచుకున్నాడు. రాత్రి యుద్ధంలో ఘటోత్కచుడు కౌరవసేనను చెండాడుతుంటే, తనవాళ్ల మొర వినలేక అతడి మీదే వేశాడు. అర్జునుడు గట్టెక్కాడని కృష్ణుడు సంబరపడడం మనకు తెలిసిందే. ఎదుటి మాంత్రికుడి పెద్ద మంత్రాన్ని ముందుగా ఖర్చు పెట్టించడం ఈ ఆటలో చెయ్యితిరిగినవాళ్లు నేటికీ వేసే ఎత్తు. ఇంద్రుడి శక్తిని నెలకు పదిసార్లు వాడుకోగలిగితే ద్రోణపర్వంలో ఆ రాత్రికి అంత బరువు ఉండేది కాదు.

1978లో వచ్చిన ఆటగాళ్ల పుస్తకం లెక్క చూడండి. 1వ స్థాయి మాంత్రికుడికి రోజుకు 1 మంత్రం. ప్రాణబలం 4 ముఖాల పాచిక ఒక్కసారి వేస్తే ఎంత పడితే అంత. శత్రువు కత్తి దెబ్బకు 8 ముఖాల పాచిక; ఆ అంకె ప్రాణబలాన్ని అందుకుంటే కూలినట్టే. తగిలిన ఒక్క దెబ్బకే మాంత్రికుడు కూలే అవకాశం 32లో 26, అంటే సుమారు 81 శాతం. అందుకే ఆ ఒక్క మంత్రం ఏదన్నది పొద్దున్నే, నేలమాళిగలో ఏముందో తెలియకముందే తేల్చుకోవాలి. నిద్రమంత్రమా, కనికట్టు మంత్రమా? 5వ స్థాయికి చేరితే మొదటి తరగతి మంత్రాలు 4, రెండోవి 2, మూడోది 1. మూడో తరగతి మంత్రాన్ని తిరిగి ఎక్కించుకోవడానికి 6 గంటల విశ్రాంతి, ఆపైన 45 నిమిషాల చదువు.

ఆ మూడో తరగతిలోనే అగ్నిగోళం ఉంది. ఆటగాళ్ల నోట 'ఫైర్‌బాల్'. నాకు ఈ ఆటలో అన్నిటికంటే ఇష్టమైన పేజీ అదే. వేయడానికి గబ్బిలం రెట్ట, గంధకం కలిపిన చిన్న ఉండ కావాలి. గబ్బిలాల గుహల మట్టి నుంచి సురేకారం తీయడం చరిత్రలో జరిగిన పనే. తుపాకిమందులో సుమారుగా సురేకారం 75 పాళ్లు, బొగ్గు 15, గంధకం 10. ఆ ఉండలో బొగ్గు ఒక్కటే లోటు. రేమాండ్ తోపుల్లో దట్టించిన మందే ఇక్కడ మాంత్రికుడి సంచిలోకి చేరింది. పిడుగు మంత్రానికి కావలసినవి బొచ్చు తునక, గాజు కడ్డీ. ఆ రెండూ రాపిడి విద్యుత్తు పాఠంలో ప్రతి బడిలోనూ కనిపించేవే.

అగ్నిగోళం వ్యాసార్థం 20 అడుగులు. గోళం ఘనపరిమాణం సూత్రంలో పెడితే సుమారు 33,500 ఘనపుటడుగులు. పుస్తకం 33,000 అని గుండ్రం చేసి, మంట ఇరుకుచోట కూడా అంత పరిమాణాన్నీ నింపుతుందని అంటుంది. 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న సొరంగంలో వేస్తే మంట పొడవు 330 అడుగులు. చెరోవైపు 165. వంద అడుగుల దూరంలో పేల్చినా వెనక్కి వచ్చి వేసినవాడినే కాలుస్తుంది. 5వ స్థాయి మాంత్రికుడు వేస్తే ఆ దెబ్బ సగటు 17.5, అతడి ప్రాణబలం సగటు 12.5. ఈ క్షేత్రగణితాన్ని ఒక తరం పిల్లలు తమ పాత్రలను తగలబెట్టుకుని నేర్చుకున్నారు.

మరిచిపోయే నియమం అందరికీ నచ్చలేదు. 1975లోనే కెన్ సెయింట్ ఆండ్రే 'టన్నెల్స్ అండ్ ట్రోల్స్' ఆటలో మంత్రం వేస్తే బలంలోంచి అంకెలు తరిగే పద్ధతి పెట్టాడు. కంప్యూటర్ ఆటలు చాలావరకు ఆ దారినే పట్టాయి. ఒళ్లు అలిసినట్టు శక్తి తరగడం సహజంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ అంకెలను అప్పటికప్పుడు దేనికైనా మార్చుకోవచ్చు. పొద్దున చేసిన ఎంపిక సాయంత్రం దాకా వెంటాడడం అందులో ఉండదు. నా ఓటు వాన్స్‌కే.

'డంజన్స్ అండ్ డ్రాగన్స్' 2008 నాటి నాలుగో కూర్పు పాత పద్ధతిని చాలావరకు పక్కనపెట్టింది. అదే ఏడాది మార్చి 4న గైగాక్స్ కన్నుమూశాడు. 2014 నాటి ఐదో కూర్పులో మాంత్రికుడు పొద్దున మంత్రాలు సిద్ధం చేసుకుంటాడు గానీ, వేసినంత మాత్రాన అవి చెరిగిపోవు. చిన్న మంత్రాలకైతే లెక్కే లేదు. పాత రుచి వదులుకోలేనివాళ్లు 2006లో 'ఆస్‌రిక్' పేరుతో 1970ల నాటి నియమాలను మళ్లీ రాసి ఉచితంగా పంచారు. కొత్తగా ఆడాలనుకునేవాళ్లు దాన్ని తెచ్చుకుని, నలుగురిని పోగుచేసుకుని, 1వ స్థాయి మాంత్రికుడితోనే మొదలుపెట్టండి. నిద్రమంత్రం తీసుకోండి. మొదటి గదిలో ఎదురైనవాళ్ల మీద మాత్రం వేయకండి.