వాల్హజ్

వాల్హజ్ అనేది ప్రాచీన జర్మానిక్ మూలభాషకు చెందిన పదం. దీనికి మొదట "కెల్ట్ జాతివాడు" అనీ, తరువాత "రోమను, లాటిన్ సంబంధ భాష మాట్లాడేవాడు" అనీ, క్రమంగా "పరాయివాడు" అనీ అర్థాలు ఏర్పడ్డాయి. వేల్స్, కార్న్‌వాల్, వలోనియా, వలేకియా మొదలైన ప్రాంతాల పేర్లు ఈ పదం నుండే పుట్టాయి. ఈ రూపం ఏ గ్రంథంలోనూ లభించదు. తరువాతి భాషలను పోల్చి చూసి భాషాశాస్త్రజ్ఞులు దీనిని పునర్నిర్మించారు. ఇటువంటి రూపాలకు ముందు నక్షత్ర గుర్తు పెట్టడం ఆ శాస్త్రంలో వాడుక.

వ్యుత్పత్తి

ఈ పదం వోల్కే అనే కెల్టిక్ తెగ పేరు నుండి వచ్చినదని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఈ తెగలో ఒక శాఖ దక్షిణ గాల్‌లో, నేటి ఫ్రాన్సులోని తులూజ్ పరిసరాలలో నివసించింది. మరొక శాఖ జర్మనీ ప్రాంతంలోని హెర్సీనియన్ అరణ్యం చుట్టూ స్థిరపడినదని జూలియస్ సీజర్ తన గాల్ యుద్ధాల గ్రంథంలో వ్రాశాడు. జర్మానిక్ ప్రజలకు పొరుగున ఉన్న ఈ ఒక్క తెగ పేరే కాలక్రమంలో కెల్టులందరికీ పేరయింది.

వోల్కే అనే పేరు వాల్హజ్‌గా మారడానికి రెండు ధ్వని మార్పులు కారణం.

1. గ్రిమ్ సూత్రం ప్రకారం కకారం జర్మానిక్ భాషలలో హకారమైంది. కొమ్ము అనే అర్థంలో లాటిన్ "కోర్ను", ఇంగ్లీషు "హార్న్" ఇందుకు ఉదాహరణ.
2. హ్రస్వ ఒకారం అకారమైంది. ఎనిమిది అనే అర్థంలో లాటిన్ "ఒక్టో", జర్మన్ "ఆఖ్ట్" ఇందుకు ఉదాహరణ.

ఈ మార్పులు జరగడానికి ముందే పదం అరువు వచ్చి ఉండాలి. కాబట్టి కెల్టులకు, జర్మానిక్ ప్రజలకు మధ్య సంపర్కం క్రీస్తుపూర్వమే ఉన్నదని ఈ పదం సాక్ష్యమిస్తుంది.

పాత ఇంగ్లీషులో అర్థాలు

క్రీ.శ. 5వ శతాబ్దం నుండి ఆంగ్లో-సాక్సన్లు బ్రిటన్‌లో స్థిరపడ్డారు. వారు అక్కడి పూర్వ నివాసులను వేఅల్హ్ (బహువచనం వేఆలస్) అన్నారు. తరతరాలుగా ఆ నేలపై ఉన్నవారికి, కొత్తగా వచ్చినవారు "పరాయివారు" అని పేరు పెట్టారన్నమాట. "వేల్స్" అనే దేశనామం ఈ బహువచన రూపమే. "వెల్ష్" దాని విశేషణం. కార్న్‌వాల్‌లోని "వాల్" కూడా ఇదే.

ఈ పదానికి పాత ఇంగ్లీషులో "బానిస" అనే అర్థం కూడా ఏర్పడింది. 7వ శతాబ్దం చివరలో వెస్సెక్స్ రాజు ఈన్ చేసిన చట్టంలో ఈ వ్యత్యాసం స్పష్టంగా కనిపిస్తుంది. ఒక హైడ్ భూమి గల వేఅల్హ్‌ను చంపితే చెల్లించవలసిన పరిహారం 120 షిల్లింగులు. సామాన్య స్వతంత్రుడైన ఆంగ్లేయునికి అది 200 షిల్లింగులు. అయితే ఐదు హైడ్ల భూమి గల వేఅల్హ్‌కు 600 షిల్లింగుల విలువ కట్టారు. అనగా అందరూ బానిసలు కారు. వారిలో భూస్వాములు కూడా ఉన్నారు.

ఇంగ్లీషులో అక్రోటు కాయను "వాల్‌నట్" అనడానికీ ఈ పదమే మూలం. ఉత్తర ఐరోపాలో సహజంగా దొరికే హేజెల్ కాయ నుండి వేరుగా గుర్తించడానికి, దక్షిణాన రోమను దేశాల నుండి వచ్చిన దీనిని "పరదేశపు కాయ" అన్నారు. వాలెస్, వాల్ష్ అనే ఇంటిపేర్లు కూడా ఈ కోవకు చెందినవే.

ఇతర భాషలలో

* జర్మన్: "వెల్ష్" అంటే ఇటాలియన్ లేక ఫ్రెంచి వారికి సంబంధించినది. అర్థంకాని మాటలను "కౌడర్‌వెల్ష్" అంటారు.
* బెల్జియం: ఫ్రెంచి మాట్లాడే దక్షిణ భాగానికి వలోనియా అని పేరు.
* స్లావిక్ భాషలు: జర్మానిక్ నుండి అరువు పొందిన ఈ పదం బాల్కన్ ప్రాంతంలో "వ్లాహ్" అయింది. రుమేనియాలోని వలేకియా పేరు దీని నుండి వచ్చినదే. పోలిష్ భాషలో ఇటలీ పేరు "వ్వోహి".
* హంగేరియన్: స్లావిక్ ద్వారా చేరి "ఒలాస్" (ఇటాలియన్), "ఒలాహ్" (రుమేనియన్) అని రెండు పదాలయింది.
* ఫ్రెంచి: "గోల్" (గాల్ దేశం) అనే పేరు లాటిన్ "గల్లియా" నుండి కాక, ఫ్రాంకుల భాషలోని ఈ పదం నుండి వచ్చినదని పలువురి అభిప్రాయం. ఇంగ్లీషు "వార్", ఫ్రెంచి "గేర్" (యుద్ధం) జంటలో వలె ఇక్కడ వకారం గకారమైంది.

"పరాయివాడు" అన్న అర్థంపై చర్చ

ప్రసిద్ధ రచయిత, భాషావేత్త జె.ఆర్.ఆర్. టోల్కీన్ 1955లో ఆక్స్‌ఫర్డ్‌లో ఇచ్చిన "ఇంగ్లీష్ అండ్ వెల్ష్" అనే ఉపన్యాసంలో ఈ పదాన్ని చర్చించాడు. ఇది ప్రతి విదేశీయునికీ వాడిన పదం కాదనీ, కెల్టిక్ లేక లాటిన్ సంబంధ భాషలు మాట్లాడేవారికే వాడారనీ ఆయన వాదన. స్లావ్ ప్రజలకు జర్మానిక్ వారు వేరే పేరు (వెండ్) వాడడం దీనికి అనుకూలంగా ఉన్నది.

వెల్ష్ ప్రజలు తమకు పెట్టుకున్న పేరు

వెల్ష్ ప్రజలు తమను "కమ్రి" అని, తమ భాషను "కమ్రైగ్" అని పిలుచుకుంటారు. దీని మూలం "కొంబ్రోగీ". "కొం" అనగా కూడి, "బ్రోగ్" అనగా ప్రాంతం. కనుక "ఒకే నేలవారు" అని అర్థం. ఉత్తర ఇంగ్లండులోని కంబ్రియా పేరు కూడా ఇదే. గాల్‌లోని అల్లోబ్రోగెస్ తెగ పేరుకు దీనికి విరుద్ధంగా "వేరే నేలవారు" అని అర్థం. వెల్ష్ వారు ఆంగ్లేయులను "సైసన్" (సాక్సన్లు) అంటారు. అనగా రెండు జాతులూ ఒకరినొకరు ఏదో ఒక తెగ పేరుతోనే పిలుచుకుంటున్నాయి.

2011లో చేసిన చట్టం వేల్స్‌లో వెల్ష్ భాషకు అధికార హోదాను ధ్రువీకరించింది. 2021 జనగణన ప్రకారం మూడేళ్ళు, అంతకు పైబడిన వారిలో సుమారు 5,38,000 మంది (17.8 శాతం) ఈ భాష మాట్లాడగలరు.

తెలుగుతో పోలిక

ఇతరులు పెట్టిన పేరుతో పిలువబడడం తెలుగువారికీ అనుభవమే. అన్యమతస్థుడు అనే అర్థం గల పోర్చుగీసు పదం "జెంతియో" నుండి వచ్చిన "జెంటూ" అనే పేరును 18వ శతాబ్దంలో ఆంగ్లేయులు తెలుగు భాషకు వాడారు. 1816లో వెలువడిన ఎ.డి. కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం శీర్షికలో కూడా ఈ మాట ఉన్నది. ఆ తరువాత అది వాడుక నుండి తొలగిపోయింది. వెల్ష్ అనే పేరు మాత్రం నిలిచి, నేడు నింద లేని సాధారణ జాతినామంగా చెల్లుతున్నది.

ఇవి కూడా చూడండి

* కెల్టిక్ భాషలు
* జర్మానిక్ భాషలు
* గ్రిమ్ సూత్రం
* వేల్స్