పన్నెండు గింజల సైన్యం

పులి-మేక ఆట మీలో చాలామంది ఆడే ఉంటారు. రచ్చబండ మీదనో, గుడి మండపంలోనో బొగ్గుతో గీసిన పటం, 23 స్థానాలు, 3 పులులు, 15 మేకలు. (కొన్ని ఊళ్లలో ఈ లెక్క కొంచెం మారుతుంది.) ఇందులో ఒక వింత ఉంది, గమనించారా? రెండు పక్షాల బలగాలూ ఒకే రకంవి కావు. పులికి దూకి చంపడం వచ్చు. మేకకు చంపడం రాదు, గుంపుగా నిలిచి దారి మూయడం మాత్రమే వచ్చు. ఒక్కొక్క పక్షం ఒక్కొక్క పనికే పుట్టిన సైన్యమన్నమాట.

చదరంగం అలా కాదు. ఇద్దరికీ చెరి 16 పావులు. ఏనుగులు, గుర్రాలు, శకట్లు, బంట్లు అన్నీ ఉంటాయి. అయితే ఈ రెండు ఆటల్లోనూ బలగాన్ని ఎంచుకునే స్వేచ్ఛ మనకు లేదు. ఆట ఏది ఇస్తే దానితోనే ఆడాలి.

ఆ స్వేచ్ఛ ఉన్న ఆటలు కూడా ఉన్నాయి. ప్రష్యా దేశపు సైన్యాధికారులు 1824లో అచ్చయిన నియమాలతో పటాల మీద దిమ్మెలు జరుపుతూ యుద్ధం నేర్చుకునేవారు. ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ 1913లో బొమ్మ సైనికులతో ఆడే యుద్ధానికి నియమాలు రాసి పుస్తకంగా అచ్చువేశాడు. ఆయన ఆటలో చిన్న స్ప్రింగు ఫిరంగి కర్రముక్కలను పేలుస్తుంది. తగిలిన బొమ్మ పడిపోతుంది! తరవాత తరవాత వచ్చిన ఇలాంటి ఆటలు చాలావాటిలో ఒక్కొక్క బొమ్మకు ఒక వెల ఉంటుంది. ఇద్దరికీ సమానంగా పాయింట్లు ఇస్తారు. వాటితో ఏ బొమ్మలు కొనుక్కుంటారన్నది మీ ఇష్టం. అన్ని రకాలూ కలిపి కొనాలా, లేక ఒకే రకం కొనాలా? ఆడేవాళ్ల మధ్య ఎడతెగని వాదన ఇది. మనం వాదించవద్దు, లెక్క కడదాం.

ముందు మూడు బలాల సంగతి. విలుకాడి బాణం 150 మీటర్లు పోతుందనీ, అతడు ఆరు సెకన్లకు ఒక బాణం వేస్తాడనీ అనుకోండి. ఈటె పట్టుకుని నడిచివచ్చే బంటు సెకనుకు ఒకటిన్నర మీటరు నడుస్తాడు. 150 మీటర్లు దాటడానికి అతడికి 100 సెకన్లు కావాలి. ఈలోగా 16 బాణాలు పడతాయి. గుర్రం సెకనుకు 10 మీటర్లు పరుగెత్తితే 15 సెకన్లలో మీద పడుతుంది. విలుకాడు వేయగలిగినవి రెండే బాణాలు! కాని అదే గుర్రం ఈటెల వరుస మీదికి దూకడానికి జంకుతుంది. కాబట్టి గుర్రం విలుకాడిని గెలుస్తుంది, విలుకాడు ఈటెవాడిని గెలుస్తాడు, ఈటెవాడు గుర్రాన్ని గెలుస్తాడు. అందరికన్నా బలవంతుడంటూ ఎవడూ లేడు.

ఇక ఆట. చింతగింజలు గుర్రాలు, వేపగింజలు ఈటెవాళ్లు, సీతాఫలం గింజలు విలుకాండ్రు. పలక అడ్డం పెట్టుకుని ఇద్దరూ చెరి 12 గింజలు ఎంచుకోండి. తరవాత చూడకుండా ఒక్కొక్కటి తీసి ఎదురెదురుగా పేర్చండి. పైచేయి ఉన్నవాడు పాచిక వేయాలి. 1 పడితే ఓడినట్టు, మరేది పడినా గెలిచినట్టు. ఒకే రకం గింజలు ఎదురైతే సరిసంఖ్య ఒకరిది, బేసిసంఖ్య మరొకరిది.

మీరు 12 గుర్రాలనే తెచ్చారనుకుందాం. అవతల అందరూ విలుకాండ్రయితే, సగటున 10 జతల్లో మీదే గెలుపు. అందరూ ఈటెవాళ్లయితే మీకు దక్కేవి 2. అవతలా గుర్రాలే అయితే 6. ఈ మూడింటి సగటు 6.

మీ స్నేహితుడు నాలుగేసి చొప్పున మూడు రకాలూ తెచ్చాడు. అతడికి 12 గుర్రాలు ఎదురయ్యాయి. అతడి ఈటెవాళ్లకు 3⅓ గెలుపులు, గుర్రాలకు 2, విలుకాండ్రకు ⅔. కూడితే 6. ఈటెవాళ్లు ఎదురైనా 6, విలుకాండ్రు ఎదురైనా 6.

అంటే సగటు ఇద్దరికీ ఒకటే! అయితే తేడా ఎక్కడ? మీకు 10 రావచ్చు, 2 రావచ్చు. మీ స్నేహితుడికి ఎప్పుడూ 6 చుట్టుపక్కలే. పోటీలో ముప్పైమందిలో మొదటివాడు కావాలంటే 10లు కావాలి. ఎప్పుడూ 6 తెచ్చుకునేవాడు ప్రథమ బహుమతి మీద ఆశ పెట్టుకోకూడదు. చివరివాడు కాకపోతే చాలనుకుంటే 6 చాలు.

ఎదుటి సంగతి ముందే తెలిస్తే లెక్క పూర్తిగా మారుతుంది. జమ్మలమడుగు దగ్గరి గండికోటను చూడండి. ఒకవైపు పెన్నా నది కోసిన నిట్రమైన లోయ, మిగతా వైపు ఎత్తయిన గోడ. ఎన్నివేల గుర్రాలున్నా ఆ గోడ ఎక్కవు. 1650లో ఈ కోటను పట్టుకున్న గోల్కొండ సేనాని మీర్ జుమ్లాకు ఫిరంగుల విలువ బాగా తెలుసు. 1652లో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు తవెర్నియే ఈ కోటను గురించి రాశాడు. కోట కదలదు, దాని గుట్టు అందరికీ తెలుసు. కాబట్టి ఆ ఒక్క పనికి తగిన బలగం తెచ్చుకోవచ్చు.

మరొక చిన్న మార్పు. ఆ లోయలాగే మైదానం ఇరుకని, 8 గింజలకే చోటుందని అనుకోండి. ఎదుటివాడి వరుస చూశాకే మీ స్నేహితుడు తన వరుస పేర్చవచ్చు. ఎదుట గుర్రాలుంటే అతడు విలుకాండ్రను వెనకే ఉంచి ఈటెవాళ్లనూ గుర్రాలనూ దింపుతాడు. అప్పుడు 8 జతల్లో అతడివి 5⅓, మీవి 2⅔. అన్ని రకాలూ ఉన్నవాడికి ఎంచుకునే వీలుంది, మీకు లేదు.

ఇదంతా గింజలాటే కదా అంటారా? పులివెందుల పొలాల్లోకి రండి. వర్షాధారపు చేలో వేరుశనగ ఒక్కటే వేసిన రైతుకు వాన సమయానికి పడితే 10, ఎగ్గొడితే 2. సాళ్ల మధ్య కంది కూడా వేసిన రైతు ఉన్నాడు. కంది వేరు లోతుకు పోతుంది, పంటకాలమూ ఎక్కువ. ఆగస్టులో వాన మోసగించి వేరుశనగ పోయినా, ఆ తరవాతి వానలకు కంది నిలబడవచ్చు. ఇద్దరికీ పదేళ్ల సగటు ఒకటే అయినా, రెండెకరాల రైతుకు సగటు చెప్పి ఊరుకోవడం నాకు సమ్మతం కాదు. 2 వచ్చిన ఏడాది అప్పు తీర్చలేక పొలం అమ్ముకుంటే, 10 వచ్చే ఏడాది దాకా అతడు ఆటలోనే ఉండడు. బోరునీళ్లు నిలకడగా ఉన్న చీనీతోట యజమాని మాత్రం ఒకే పంటను నమ్ముకోగలడు, నీళ్లున్నంతకాలం.

ఇక ఒక లెక్క మీకు వదులుతున్నాను. గుర్రం వెల రెండు గింజలనీ, మిగతావాటి వెల ఒక్కొక్క గింజేననీ మార్చండి. 12 గింజల సొమ్ముకు 6 గుర్రాలే వస్తాయి. అప్పుడు మీ స్నేహితుడు మూడు రకాలూ సమానంగానే కొంటాడా? పలక మీద వేసి చూడండి.