తెరపై మిరుమిట్లు

దొరవారిసత్రం మండలములోని నేలపట్టు చెరువు గూడబాతులకు ప్రసిద్ధి. పగటివేళ గట్టుమీద నిలిచినచో నీటిపై పడిన ఆకాశపు వెలుగు కన్నులకు మిరుమిట్లు గొల్పును. నీటిలోపల ఏమున్నదో కానరాదు. పొలరాయిడ్ కళ్ళద్దములు పెట్టుకొనినచో ఆ మెరుపు చాలవరకు అణగిపోవును. అదే మనిషి చెట్టునీడకు వచ్చి, తాను తీసిన పక్షుల చిత్రములను నున్నని తెరగల లాప్‌టాప్‌లో చూడబోవును. పక్షులకు బదులు ఆకాశమును, తన తెల్లచొక్కాయును కనబడును. ఈసారి ఆ కళ్ళద్దములు అక్కరకు రావు. ఏల?

గాలిలోనుండి గాజుపై సూటిగా పడిన కాంతిలో సుమారు 4 శాతము వెనుకకు మరలును. ఇది స్వల్పమే కదా యని తోచును. లెక్కవేసి చూతము. తెరలోని తెల్లని భాగపు ప్రకాశము చదరపు మీటరుకు 300 కాండెలాలనియు, తెరలో ప్రతిఫలించు తెలిమబ్బుల ఆకాశపు ప్రకాశము 5,000 అనియు అనుకొందము. ఆ 5,000లో 4 శాతము 200. ఇది తెలుపుపైనను నలుపుపైనను సమముగా వచ్చి చేరును. తెలుపు 500, నలుపు 200! చీకటిగదిలో వందల రెట్లున్న భేదము రెండున్నర రెట్లకు దిగిపోయినది. అక్షరములు వెలవెలబోవుటకు కారణ మిదియే.

చాలమంది చేయునట్లు తెర వెలుగును 400కు పెంచినను భేదము మూడు రెట్లే యగును. బ్యాటరీ మాత్రము త్వరగా తరుగును. తెరను త్రిప్పి, 50 ప్రకాశముగల నల్లని గోడకు అభిముఖముగా నుంచినచో మరలివచ్చునది 2 మాత్రమే. 302కు 2, అనగా నూటయేబది రెట్లు! కాసు ఖర్చులేని ఈ ఉపాయమునకు సాటి లేదు. తరగతిలో తెర యెన్నడును కిటికీవైపు చూడరాదు.

తెరపై అంటించు గరుకు పొర ప్రతిబింబమును చెదరగొట్టునే గాని వెలుగును మాయము చేయదు. బొమ్మ పదునును కొంత తగ్గించును. 1935లో జర్మనీలోని జైస్ సంస్థలో స్మకులా కనిపెట్టిన మార్గము వేరు. మిల్లీమీటరులో పదివేలవ వంతు మందమున మెగ్నీషియము ఫ్లోరైడు పూత పూసినచో, పూత పైతలమునుండియు అడుగుతలమునుండియు మరలిన తరంగములు ఒకదానినొకటి అణచుకొనును. 4 శాతము సుమారు ఒకటిన్నర శాతమగును.

ఇక కళ్ళద్దముల సంగతి. నీటిపై లంబమునకు 53 డిగ్రీల కోణమున పడి మరలిన కాంతి పూర్తిగా ధ్రువితమై, అడ్డముగా మాత్రమే కంపించును. దానిని పొలరాయిడ్ ఆపివేయును. 1921లో ఓడ ప్రయాణములో సి. వి. రామన్ ఇట్టి కోణముననే నికల్ పట్టకముతో చూచి, పైమెరుపును తొలగించినను సముద్రపు నీలిమ పోకుండుటను గమనించెను. లాప్‌టాప్ తెరను మనము ఇంచుమించు ఎదురుగా చూతుము. అట్లు మరలిన మబ్బువెలుగు ధ్రువితము కాదు. కళ్ళద్దములు దానిని వేరుచేసి ఆపలేవు. పైగా ద్రవస్ఫటికపు తెరనుండి వచ్చు కాంతియే ధ్రువితము. అందుచేత కళ్ళద్దములను తెరముందు మెల్లగా త్రిప్పినచో, ఒకానొక స్థితిలో గూడబాతుల బొమ్మ చీకటియై, మబ్బుల ప్రతిబింబము మాత్రము మిగిలిపోవును!