డ్రిప్ ఆటోమేషన్ ఆగిపోతుంటే గేట్‌వే లాగ్‌తో లోపాన్ని పట్టుకోవడం ఎలా?

ఫోన్‌లో వాల్వు తెరుచుకున్నట్లు చూపిస్తుంది, పొలంలో నీరు పారదు. మెకానిక్ వచ్చేసరికి అన్నీ బాగానే పనిచేస్తాయి, అతను వెళ్లాక మళ్లీ మొదలు. ఎండాకాలంలో తడి తప్పితే పాలీహౌస్‌లోని క్యాప్సికం, కీర మొక్కలు వాడిపోతాయి, పూత రాలుతుంది. ఇలా వచ్చిపోయే లోపాన్ని పట్టుకోవడానికి గేట్‌వే లాగ్ ఉపయోగపడుతుంది.

గేట్‌వే లాగ్ అంటే?

సెన్సార్లు, వాల్వు కంట్రోలర్లు చాలాచోట్ల ఆర్‌ఎస్-485 తీగ మీద మోడ్‌బస్ పద్ధతిలో సమాచారం పంపుకుంటాయి. ఈ తీగకూ ఇంటర్నెట్‌కూ మధ్య వారధిగా ఉండే పెట్టే గేట్‌వే. ప్రతి పరికరానికీ 1 నుంచి 247 లోపు ఒక నంబరు ఉంటుంది. గేట్‌వే ఆ నంబరుతో పిలిచి జవాబు కోసం చూస్తుంది. ఈ పిలుపులు, జవాబులు సమయంతో సహా నమోదయ్యే చిట్టాయే లాగ్.

లాగ్ తీసే విధానం

• ముందుగా గేట్‌వేలో తేదీ, సమయం సరిచూసుకోవాలి.
• సెట్టింగుల్లో లాగ్ ఆన్ చేసి, లోపం మళ్లీ వచ్చేదాకా ఉంచాలి.
• మోటారు ఎప్పుడు వేశారు, కరెంటు ఎప్పుడు పోయింది, వాన ఎప్పుడు పడింది అన్నవి పుస్తకంలో రాసుకోవాలి.
• లోపం రాగానే గేట్‌వే ఆఫ్ చేయకూడదు. కొన్ని రకాల్లో కరెంటు తీస్తే లాగ్ చెరిగిపోతుంది. ముందు ఫైలును దాచుకోవాలి.
• పని పూర్తయ్యాక లాగ్ ఆపేయాలి. లేకపోతే మెమరీ నిండుతుంది.

లాగ్‌లో ఏం చూడాలి?

• ఒక్క నంబరు నుంచే జవాబు లేకపోతే: ఆ పరికరానికి కరెంటు అందుతోందా, తీగ బిగింపు సరిగా ఉందా, ఎ, బి తీగలు తారుమారయ్యాయా చూడాలి.
• ఒకచోటు దాటాక ఏ పరికరమూ పలకకపోతే: అక్కడ తీగ తెగి ఉండవచ్చు. ఎలుకలు కొరికాయేమో, పార తగిలిందేమో వెతకాలి.
• మోటారు వేసినప్పుడే సీఆర్‌సీ దోషాలు వస్తే: మోటారు కేబుల్ పక్కనే సిగ్నల్ తీగ ఉందేమో చూసి దూరం జరపాలి. షీల్డు ఉన్న, మెలితిప్పిన జంట తీగ వాడాలి. లైనుకు రెండు చివరలా 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి.
• కొత్త పరికరం పెట్టినప్పటి నుంచే దోషాలు మొదలైతే: రెండింటికి ఒకే నంబరు పడిందేమో చూడాలి.
• పరికరాలన్నీ పలుకుతున్నా ఫోన్‌కు సమాచారం రాకపోతే: సిమ్ సిగ్నల్, డేటా రీఛార్జ్ చూసుకోవాలి.
• వాల్వు కంట్రోలర్ సరైన జవాబిచ్చినా నీరు రాకపోతే: ఆదేశం అందిందనే అర్థం, నీరు పారిందని కాదు. సోలనాయిడ్ కాయిల్, ఫిల్టరు, పైపులో పీడనం పరిశీలించాలి.

జాగ్రత్తలు

స్టార్టరు పెట్టె తెరిచే ముందు మెయిన్ ఆఫ్ చేయాలి. తీగల పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాలి. లాగ్ ఫైలు, పుస్తకంలో రాసుకున్న సమయాలు కలిపి కంపెనీ టెక్నీషియన్‌కు పంపితే అవసరమైన విడిభాగంతోనే వస్తారు. వారంటీ ఉన్నప్పుడు లోపం ఎక్కడుందో చూపడానికీ అదే ఆధారం. మరమ్మతు అయ్యేదాకా వాల్వును చేత్తో తిప్పి తడి ఇవ్వాలి.