పేరు ఒకటి, పాము మరొకటి

మన హాస్టల్లో ఒక్కో గదిలో నాలుగైదు ఊళ్ల పిల్లలం ఉంటాం. ఒకరు ‘రక్తపింజర’ అన్నదాన్నే మరొకరు ‘కాటుకరేకుల పొడ’ అంటారు. అడిగి తెలుసుకుంటాం, సరిపోతుంది. కానీ పెంచుకోవడానికి పాముల్ని కొని అమ్మే వ్యాపారంలో ఈ పేర్ల గందరగోళం ప్రాణాల మీదికి కూడా తెచ్చింది. జువాలజీ చదివే మేము దాని గురించి నాలుగు మాటలు చెప్పదలిచాం.

అమెరికా, యూరప్‌లలో పాముల్ని కుక్కపిల్లల్లా ఇంట్లో పెంచేవాళ్లున్నారు (మన అమ్మలు వింటే గుండెలు బాదుకుంటారు!). ఆఫ్రికాకు చెందిన ఒక చిన్న కొండచిలువ భయపడితే బంతిలా చుట్టుకుంటుంది. అందుకే అమెరికాలో దాన్ని ‘బాల్ పైథాన్’ అంటారు. బ్రిటన్‌లో అదే ‘రాయల్ పైథాన్’. ఇక ‘రెడ్ టెయిల్ బోవా’ సంగతి దీనికి తలకిందులు. అది దక్షిణ అమెరికాలోని ఒక బోవా పేరు. కొలంబియా నుంచి వచ్చే మరో జాతిని కూడా దుకాణాల్లో ఆ పేరుతోనే అమ్మేశారు.

అక్కడ పోయేది డబ్బే. ‘కీల్‌బ్యాక్’ అనే పేరు దగ్గర మాత్రం అసలు ప్రమాదం ఉంది. మన చెరువుల్లో తిరిగే నీరుకట్టె కూడా ఒక కీల్‌బ్యాకే, దానికి విషం లేదు. ఆగ్నేయాసియాలో ఎర్రమెడ కీల్‌బ్యాక్ ఉంది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. ఇదీ విషం లేనిదేననుకొని విదేశాల్లో పెంపుడు పాముగా అమ్మారు. దాని విషపు పళ్లు నోటి వెనుక భాగంలో ఉంటాయి. గట్టిగా పట్టి కరిస్తే రక్తం గడ్డకట్టదు. మన ఆసుపత్రుల్లోని మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజరల విషానికి తయారైనది. ఈ పాము విషానికి అది పనిచేయదు.

అందుకే ప్రతి జాతికీ ప్రపంచమంతా చెల్లే ఒకే శాస్త్రీయ నామం పెట్టారు. అవి మనకు పరాయివేమీ కావు. విశాఖపట్నంలో ఉండి మన పాములను పరిశీలించిన పాట్రిక్ రస్సెల్ 1796లో అచ్చయిన తన పుస్తకంలో తెలుగు పేర్లే రాసుకున్నాడు. కట్లపాముల ప్రజాతికి పెట్టిన ‘బంగారస్’ అనే పేరు మన ‘బంగారు’ నుంచి పుట్టిందే.

ఇప్పుడు మన దగ్గరి సంగతి. ‘రెండు తలల పాము’కు ఉన్నది ఒకటే తల. తోక మొద్దుగా ఉండి తలలా కనిపిస్తుంది, అంతే. విషం లేదు. ఎలుకల్ని తిని రైతుకు మేలు చేస్తుంది. శాస్త్రీయ నామం ‘ఎరిక్స్ జానీ’. ఇంట్లో ఉంటే అదృష్టమనీ, లక్షలు పలుకుతుందనీ పుకార్లు పుట్టించి దళారులు కుర్రాళ్లను దింపుతారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టినా, అమ్మినా, కొన్నా నేరమే. దళారి తప్పుకుంటాడు, సంచితో దొరికిన కుర్రాడు జైలుకు పోతాడు. వాళ్లు ఫోన్లో పాము అని కూడా అనరు. ఊళ్లో ఎవరైనా “డబుల్ ఇంజన్ ఉందా తమ్ముడూ?” అని అడిగితే, అడిగేది ఈ పామునే.